అమ్మానాన్నలు ఆరు వారాలు మా దగ్గరే ఉంటారు. ఈసారి రోజులు ఊరికే జారిపోకుండా ఏం చెయ్యాలి?

గోదారిగట్టు (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):

సంక్రాంతి వెళ్ళగానే అమ్మ, నాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. ఫిబ్రవరి ఆఖరుదాకా ఉంటారు. మేమిద్దరం ఐటీ, పాప రెండో తరగతి. పొద్దున్న ఏడున్నరకి పాప బస్సు, తొమ్మిది నుంచి మా మీటింగులు, రాత్రి ఎనిమిది దాటితేగానీ ఐదుగురం ఒకచోట కూర్చోలేం. కిందటిసారి పగలంతా వాళ్ళు టీవీ ముందు, శని ఆదివారాలు అందరం మాల్లో. వెళ్ళాక చూస్తే ఫోన్లో మూడొందల ఫోటోలున్నాయి, మాట్లాడుకున్న మాట ఒక్కటీ గుర్తు లేదు.

ఈ మధ్య కృతజ్ఞతల డైరీ యాప్ ఒకటి పెట్టుకున్నాను. తొమ్మిదో రోజుకి కూడా అవే మూడు లైన్లు: ఆరోగ్యం, ఉద్యోగం, కుటుంబం. విసుగొచ్చి ఆపేశాను. అమ్మకి ఫోన్లో థాంక్స్ చెప్తే "నేనేమన్నా పరాయిదాన్నా" అంది.

రోజుకి అరగంట కచ్చితంగా పెట్టగలం. ఆ అరగంట ఎలా వాడితే ఏదైనా మిగులుతుంది? ఇంకోటి, నాన్నకి ఎడమ చెవి సరిగా వినపడదు. నలుగురూ మాట్లాడుతుంటే ఆయన మెల్లగా మౌనంలోకి వెళ్ళిపోతారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. "క్వాలిటీ టైమ్ గడపండి" అనే సలహా మాత్రం వద్దు.

---

ఆదివారం నోట్‌బుక్:

ముందు డైరీ సంగతి. తప్పు మీది కాదు, రోజూ రాయమన్న యాప్‌ది. దీనిమీద అందరూ ఉదహరించేది 2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే మనస్తత్వవేత్తలు వేసిన పరిశోధన పేపరు. అందులో మొదటి ప్రయోగంలో విద్యార్థులు రాసింది వారానికి ఒక్కసారి, ఐదు విషయాలదాకా, పది వారాలు. తర్వాత సోన్యా లుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలపాటు కొందరిచేత వారానికోసారి, కొందరిచేత వారానికి మూడుసార్లు రాయించి చూస్తే లాభం కనపడింది వారానికోసారి రాసినవాళ్ళలోనే. రోజూ తింటే పులిహోర కూడా మొహం మొత్తుతుంది, అంతే.

కాబట్టి ఆదివారం రాత్రి పది నిమిషాలు చాలు. యాప్ తీసేసి పాప పాత నోట్‌బుక్‌లో మిగిలిన కాయితాలు వాడండి. వారానికి మూడు, మహా అయితే ఐదు. ప్రతిదాంట్లో నాలుగూ ఉండాలి: ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, దానివల్ల ఏ పని తేలికైంది. "అమ్మానాన్నలు ఉన్నందుకు సంతోషం" అని రాస్తే మనసు దాన్ని చదవను కూడా చదవదు. "మంగళవారం ఏడింటికి అమ్మ పాపకి రెండు జడలు వేసింది, రిబ్బను ఊడలేదు, బస్సుకి నాలుగు నిమిషాల ముందే కిందకి దిగాం" అని రాస్తే ఏడాది తర్వాత చదివినా ఆ పొద్దుటి పూట కళ్ళముందుకొస్తుంది. రాయడానికి ఏమీ తోచకపోతే లెక్క తిరగెయ్యండి: ఈ వారం ఆవిడ ఇక్కడ లేకపోతే మంగళవారం ఏమయ్యేది? ఉన్నదాన్ని తలుచుకోవడంకంటే అది లేకుండా పోయుంటే అని ఊహించుకోవడమే ఎక్కువ పనిచేస్తుందని 2008లో టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ వాళ్ళ ప్రయోగాల్లో తేలింది. లక్కీగా అది మనవాళ్ళకి కొత్త కాదు, "నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో" అంటూనే ఉంటాం కదా.

ఒక హెచ్చరిక. ఇది మందు కాదు. 2003 పేపర్లో కూడా పెద్ద తేడా కనపడింది చికాకులు రాసుకున్నవాళ్ళతో పోల్చినప్పుడే. మామూలు సంగతులు రాసినవాళ్ళతో పోలిస్తే తేడా చిన్నది. నిజంగా దిగులుగా ఉన్న మనిషికి నోట్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

---

వాడుకభాష:

"నేనేమన్నా పరాయిదాన్నా" అన్న అమ్మగారి మాట అక్షరాలా నిజం. ధన్యవాదాలు, కృతజ్ఞతలు మైకు ముందు మాటలు. థాంక్స్ ఆఫీసు మాట. మూడూ ఇంట్లో పనికిరావు. అలాగని తెలుగులో ఇంటి కృతజ్ఞత లేదనుకోకండి. అది "బట్టి"లో ఉంది.

"నువ్వు నిన్న పప్పు నానబోసి ఉంచబట్టి ఇవాళ టిఫిను టైముకి అయింది." "మీరు గేటు దగ్గర నిలబడబట్టి కొరియర్ దొరికింది నాన్నా." "అత్తయ్యా, మీరు ఉండబట్టి నేను ఆ కాల్ ప్రశాంతంగా మాట్లాడుకున్నాను." చేసిన పని ఒకటి, దానివల్ల కుదిరింది ఒకటి. ఆ రెండూ చెప్పి ఆగిపోవాలి. పొగడ్త వద్దు. పొగిడితే "చాల్లే" అంటారు. సంగతి చెప్తే "ఆఁ, రేపు మినపప్పు కూడా వెయ్యనా" అంటారు. ఆ "వెయ్యనా" వచ్చిందంటే మాట చేరిందన్నట్టే.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. ఒకటి, "కానీ". "పులుసు అదిరింది కానీ ఉప్పు..." అన్నాక ముందు సగం ఎవరికీ వినపడదు. ఉప్పు సంగతి రేపు చెప్పండి. రెండు, పోలిక. "నీలాగా ఈవిడకి రాదమ్మా" అన్నారంటే ఆరు వారాలూ వంటింట్లో చలిగాలే. ఇది మగపిల్లలు తెలియక తరచూ చేసే తప్పు. మూడోది అన్నిటికంటే ఘోరం, ప్రేమకొద్దీ పని లాక్కోవడం. "నువ్వు కూర్చోమ్మా, వంటమనిషి ఉందిగా" అనగానే ఆవిడ చుట్టమైపోతుంది. చుట్టంగా ఆరు వారాలు ఉండటం ఎంత కష్టమో! ఒక పూట వంట పూర్తిగా ఆవిడకే వదిలెయ్యండి, మోకాళ్ళు బాగుంటే. బాగోకపోతే కూర్చుని చేసే పనులు: కొబ్బరి కోరడం, ఆకుకూర ఏరడం, పోపులపెట్టె సర్దడం. వంటమనిషికి ఆ పూట సెలవని ముందే చెప్పండి, లేకపోతే ఇద్దరికీ గొడవవుతుంది.

నాన్నల విషయంలో చిక్కు వేరే. వాళ్ళ పని కంటికి కనపడదు. గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో లెక్క, కుళాయి కారుతోందని గమనించడం, కూరగాయల ధర ఎక్కువ తీసుకున్నారని గొణగడం, ఇదంతా ఆయన చేస్తున్న పనే. దాన్ని పేరు పెట్టి చెప్పండి. ఎదురుగా చెప్పడానికి నోరు రాకపోతే మనవాళ్ళ పాత పద్ధతి ఉండనే ఉంది: పెద్దమ్మకి ఫోన్ చేసి, నాన్న పక్క గదిలో వింటుండగా, "నాన్న వచ్చాక ఇంట్లో ఒక్క కుళాయి కారట్లేదు పెద్దమ్మా" అనండి. మర్నాడు ఆయన స్క్రూడ్రైవరు అడుగుతారు.

---

ఎనభై ఇరవై:

అరగంట అన్నారు కాబట్టి అరగంటకే చెప్తాను. "రా, కూర్చుని మాట్లాడుకుందాం" అంటే ఎవరికీ మాట రాదు, ఇంటర్వ్యూలా ఉంటుంది. చేతులకి పని ఉండాలి, కళ్ళు పని మీద ఉండాలి, ఆ పని మధ్యలో ఆపడానికి వీల్లేనిదై ఉండాలి. ఈ మూడూ ఉన్న పని మన ఇళ్ళలో ఫిల్టర్ కాఫీ. డికాక్షన్ దిగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపెట్టినా దిగదు. మీకు కావలసిన అరగంట అదే. పొద్దున్న ఆరుంబావుకి పెట్టుకోండి, పాప లేవకముందు.

నాలుగు చిన్న గ్లాసులకి పొడి 30 గ్రాములు, అంటే మూడు పెద్ద చెంచాలు గుబ్బగా. నీళ్ళు 200 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు పట్టేసుకుంటుంది, కాబట్టి కిందికి దిగేది 140 దాకానే. గ్లాసుకి 35 డికాక్షన్, 100 పాలు. పొడిని పైగిన్నెలో వేసి పక్కనుంచి రెండు దెబ్బలు కొట్టి సమం చెయ్యండి, చిల్లుల మూత మెల్లగా ఆనించండి. అదిమితే దిగదు. నీళ్ళు తెర్లాక స్టవ్ కట్టేసి అర నిమిషం ఆగి, మూత నడిమధ్యన సన్నధారగా పొయ్యాలి. మొదటి నాలుగైదు చెంచాలు పోసి ఆగితే పొడి ఉబ్బి వాసన లేస్తుంది. ఆ వాసన దగ్గరే నాన్నగారిని కూర్చోబెట్టండి. బెంగళూరులో పొడి కొట్టులో మీ ముందే గింజ మర పట్టి, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) మీరు చెప్పినంత కలిపిస్తారు. నూటికి ఇరవై మించనివ్వకండి. గోదావరి జిల్లాల ఇళ్ళలో ఇన్‌స్టంట్ అలవాటైన నాలుకకి మొదటి వారం చేదుగా అనిపిస్తుంది, పాలు కాస్త పెంచండి.

సాయంత్రం పని కావాలంటే మీవాళ్ళు వచ్చేది సరిగ్గా అవరేకాయి సీజనులో. ఇక్కడ అవరేకాయి, చిత్తూరు వైపు అనపకాయలు. రాజమండ్రిలో అంతగా దొరకవు కాబట్టి అమ్మగారికీ కొత్తే, అంటే మీరు ఆవిడకి నేర్పడం కాదు, అందరూ కలిసి నేర్చుకోవడం. కాయ పట్టుకుంటే వేళ్ళకి జిడ్డుగా అంటి ఘాటు వాసన రావాలి, అది మంచి కాయ. వలిచిన గింజలు నాలుగైదు గంటలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు చివుక్కున బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. పాప వేళ్ళలోంచి సోఫా కిందకి కూడా దూకుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. నలుగురు కూర్చుంటే కూరకి సరిపడా పితకడానికి అరగంట పైనే పడుతుంది. టీవీ కట్టెయ్యక్కర్లేదు, అదే పక్కకి పోతుంది.

నాన్నగారి చెవి గురించి: బల్ల దగ్గర ఆయన కుడివైపు మీరు, ఎదురుగా పాప. ఎడమవైపు గోడ ఉండేట్టు చూడండి. వెలుతురు మాట్లాడేవాళ్ళ మొహం మీద పడాలి, ఆయన పెదాలు చూసి సగం పట్టుకుంటారు. గట్టిగా అరవద్దు, మెల్లగా చెప్పండి, ఒకరి తర్వాత ఒకరు. మిక్సీ, చిమ్నీ ఆగాకే మాట. ముందు "నాన్నా" అని పిలిచి, ఆయన ఇటు చూశాక విషయం. చెప్పింది మళ్ళీ అడిగితే "ఏం లేదులే" అనకండి, ఆ ఒక్క మాటకే మనిషి మౌనం అవుతాడు. వచ్చిన మొదటి వారంలోనే ఇ.ఎన్.టి. డాక్టరుకి చూపించండి. గుబిలి గట్టిపడి మూసుకుపోవడం కూడా కారణం కావచ్చు, అదైతే అక్కడికక్కడే తీసేస్తారు.

---

టేపురికార్డరు:

మూడొందల ఫోటోలకీ ఏమీ గుర్తులేకపోవడానికీ సంబంధం ఉంది. 2014లో లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త మ్యూజియంలో చేసిన ప్రయోగం ప్రసిద్ధం: ఫోటో తీసిన వస్తువులు, ఊరికే చూసిన వస్తువులకంటే తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పని మానేస్తుంది. కానీ అదే ప్రయోగంలో వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినవాళ్ళకి జ్ఞాపకం తగ్గలేదు. కాబట్టి లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్ ముందు వరసగా నిలబెట్టి తీసేది ఒకటి చాలు. మిగతావి దగ్గరివి తియ్యండి: పప్పు పితికే అమ్మ వేళ్ళు, పేపరు మడిచే నాన్న చెయ్యి.

ఫోటోకంటే గొంతు ముఖ్యం. ఫోన్లో ఉన్న రికార్డర్ చాలు. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, లేకపోతే మంచి చోట స్పామ్ కాల్ వచ్చి తెగిపోతుంది. ఫోన్‌ని మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి అడుగు, అడుగున్నర దూరంలో ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు బాంబులా వినిపిస్తుంది. ఫ్యాను ఆపండి, జనవరిలో బెంగళూరులో ఎలాగూ అక్కర్లేదు. కూర్చున్నంతసేపూ కాకుండా పది, పదిహేను నిమిషాలే. తర్వాత వెంటనే ఫైలుకి తేదీ, మనిషి, విషయం పేరు పెట్టండి. "రికార్డింగ్ 47" అని వదిలేస్తే జన్మలో తెరవరు. రెండు చోట్ల దాచండి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి, దొంగచాటుగా వద్దు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టేముందు మళ్ళీ అడగండి, మరదలి పెళ్ళి గొడవలాంటివి ఉంటాయి.

ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత పెద్దది. "మీ చిన్నప్పుడు ఎలా ఉండేది" అంటే "బానే ఉండేది" అంటారు. రాజమండ్రివాళ్ళని అడగవలసినవి వేరే: 1986 ఆగస్టు గోదావరి వరదకి ఏ ఇంట్లో ఉన్నారు, నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కాయి? 1991 పుష్కరాలకి ఇంటికి ఎంతమంది చుట్టాలొచ్చారు, ఎక్కడ పడుకున్నారు? 1996 నవంబరు కోనసీమ తుపాను రాత్రి దీపం ఏది? మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు? అడిగాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. అసలు సంగతి ఆ ఎనిమిదికీ పదికీ మధ్య వస్తుంది. కన్నీళ్ళొస్తే "వదిలెయ్ అమ్మా" అని మూసెయ్యకండి, నీళ్ళిచ్చి కూర్చోండి. ఫోన్ మాత్రం ఆపండి.

---

కోలారు కోడలు:

అందరూ అరగంట గురించే చెప్తున్నారు. మిగతా పది గంటల సంగతి? పగలు ఫ్లాట్‌లో బందీలా కూర్చున్న మనిషి మీరు లాప్‌టాప్ మూసేసరికి అలిసిపోయి ఉంటారు. అప్పుడు మీరెంత ప్రేమగా అడిగినా విసుగే.

వచ్చిన రోజే చెయ్యాల్సినవి: ఇంటి తాళం రెండోది వాళ్ళ చేతికి. అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో వాళ్ళ నంబర్లు ఎక్కించండి. ఫ్లాట్ నంబరు, టవర్ పేరు, మీ ఫోన్ నంబరు రాసిన కాయితం నాన్నగారి పర్సులో. మొదటి రెండు రోజులు కిందికి మీరే తీసుకెళ్ళి, పెద్దవాళ్ళు కూర్చునే బెంచీ ఎక్కడో, ఎన్నింటికి వస్తారో చూపించండి. సాధారణంగా పొద్దున్న ఎండ పొడ వచ్చాక, సాయంత్రం ఐదు తర్వాత. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో తెలుగు పెద్దవాళ్ళు లేని బెంచీ ఉండదు. కూరల బండి దగ్గర కన్నడం రాలేదని బెదరక్కర్లేదు, ఇక్కడ చాలామందికి తెలుగు వచ్చు. "ఎష్టు" (ఎంత), "బేడ" (వద్దు), "సాకు" (చాలు) మూడు మాటలు నేర్పితే నాన్నగారు బేరం మొదలెడతారు.

తర్వాత అసలు పాయింటు. సాయంత్రం ఆయన "కొవ్వూరాయన ఒకడు కనపడ్డాడు" అంటూ వస్తారు. ఆ క్షణంలో మీ కళ్ళు స్క్రీన్ మీద ఉంటే ఆరు వారాల ప్లానూ బూడిదే. జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త కొత్త దంపతుల మీద చేసిన పరిశీలనలో, ఆరేళ్ళ తర్వాత కలిసే ఉన్నవాళ్ళు అవతలివాళ్ళ ఇలాంటి చిన్న పిలుపులకి 86 శాతం సార్లు స్పందించినవాళ్ళు, విడిపోయినవాళ్ళు 33 శాతం. అది దంపతుల లెక్కే అనుకోండి, కానీ మనిషి స్వభావం ఒకటే. తల తిప్పి రెండు ప్రశ్నలు వెయ్యండి: "కొవ్వూరులో ఎక్కడంట? వాళ్ళబ్బాయి ఏ టవరు?" ముప్ఫై సెకన్ల పని. మీటింగులో ఉంటే చెయ్యెత్తి ఐదు వేళ్ళు చూపించి, సరిగ్గా ఐదు నిమిషాలకి మీరే వెళ్ళి అడగండి. వెళ్ళకపోతే ఆ చెయ్యెత్తడం రెండోసారి పనిచెయ్యదు.

లాల్‌బాగ్‌కి ఒకసారి చాలు. జనవరి 26 ఫ్లవర్ షో రోజుల్లో మాత్రం వద్దు, జనంలో పెద్దవాళ్ళకి నరకం. అది అయ్యాక ఒక మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా, అక్కడ గ్రీన్ లైన్ మారి లాల్‌బాగ్ స్టేషన్. మెజెస్టిక్‌లో నడక ఎక్కువ, లిఫ్టు ఎక్కడుందో ముందే చూసుకోండి. లోపల ఉన్న బండరాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. దానిమీద కూర్చోబెట్టి ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీ పెట్టండి, హోటల్ క్యూ తప్పుతుంది.

---

గోదారిగట్టు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. గేటు యాప్, రెండో తాళం ఇవాళే చూస్తాను. "కానీ" సంగతి చదివి మా ఆవిడ నావైపు చూసింది, ఇంకేం రాయను.

ఎనభై ఇరవై గారూ, ఒక అనుమానం. మా ఫిల్టర్ అటక మీంచి దించి రాత్రి మీరు చెప్పిన లెక్కకే వేశాను. అరగంటైనా సగమే దిగింది. పొడి అదమలేదు.

---

ఎనభై ఇరవై:

అటక మీద ఉన్నదంటే చిల్లులు పూడుకుపోయి ఉంటాయి. పైగిన్నె ఖాళీచేసి కిటికీకేసి పట్టి చూడండి. వెలుతురు చుక్కలు అన్నీ కనపడకపోతే అదే రోగం. ప్లాస్టిక్ పిడి ఉంటే తీసేసి, గిన్నె అడుగుని పటకారుతో పట్టుకుని సన్న మంట మీద ఒక నిమిషం ఉంచితే పాత పొడి జిడ్డు కాలిపోతుంది. చల్లారాక పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ వెలుతుర్లో చూడండి.

చిల్లులు బాగానే ఉంటే రెండు అనుమానాలు. పైగిన్నె కిందిదాంట్లో బిర్రుగా కూర్చుని గాలి బయటికి పోవట్లేదు. మధ్యలో ఒకసారి కొద్దిగా ఎత్తి మళ్ళీ పెట్టండి, బుడబుడమని దిగుతుంది. లేదా పొడి మరీ మెత్తన, పాకెట్ పొడుల్లో ఇది మామూలే, చికోరీ ఎక్కువుంటే నీళ్ళు పీల్చి ఇంకా ఉబ్బుతుంది. కొట్టులో "ఫిల్టర్‌కి, కాస్త బరకగా" అని అడగండి. వేళ్ళమధ్య రాస్తే సన్న రవ్వలా తగలాలి, పిండిలా కాదు. వంద గ్రాములే తెచ్చుకోండి, వారానికోసారి తాజాగా. నాన్నగారిని వెంటబెట్టుకెళ్తే మర తిరుగుతుంటే నిలబడి చూస్తారు, కాకపోతే అక్కడ చప్పుడెక్కువ, చెప్పాల్సింది బయటికొచ్చాక చెప్పండి.